విశ్వవిద్యాలయంలో గ్రంథాలయ, ఐటీ సేవల ప్రణాళిక: తరచుగా అడిగే ప్రశ్నలు

రెండు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో గ్రంథపాలకులు, కంప్యూటర్ సెంటర్ బాధ్యులు, లైబ్రరీ కమిటీలో కొత్తగా చేరిన అధ్యాపకులు, ఫైనాన్స్ విభాగం వారు ఇంచుమించు ఇవే సందేహాలను మళ్లీ మళ్లీ అడుగుతున్నందువల్ల వాటిని దశల వారీగా ఇక్కడ కూర్చాం. ఏ సమాధానానికి ఆ సమాధానం విడిగా అర్థమయ్యేలా రాశాం కనుక అవసరమైన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలను దృష్టిలో ఉంచుకుని రాసినప్పటికీ ఇందులో చాలా భాగం ప్రైవేటు సంస్థలకూ వర్తిస్తుంది.

## మొదలుపెట్టే ముందు

లైబ్రరీకి ఒక ప్రణాళిక, కంప్యూటర్ సెంటర్‌కు ఒక ప్రణాళిక ఇప్పటికే ఉన్నాయి. రెండూ కలిపి మళ్లీ ఎందుకు రాయాలి?

చదువరికి ఆ రెండూ ఒకే సేవగా అందుతాయి కాబట్టి. రాత్రి పది గంటలకు హాస్టల్ గదిలో ఒక పరిశోధక విద్యార్థిని జర్నల్ వ్యాసం తెరవాలంటే హాస్టల్ వైఫై పనిచేయాలి, ఆమె లాగిన్ చెల్లాలి, లైబ్రరీ పేజీలో లింకు సరిగా ఉండాలి, చందా కట్టి ఉండాలి, విశ్వవిద్యాలయం ఐపీ చిరునామాలు (ఇంటర్నెట్‌లో దాన్ని గుర్తించే సంఖ్యలు) ప్రచురణకర్త దగ్గర నమోదై ఉండాలి. వీటిలో ఏది తప్పినా ఆమెకు కనిపించేది మాత్రం తెరుచుకోని వ్యాసమే. మార్చిలో లైబ్రరీ డేటాబేసుకు డబ్బు కట్టాక జూన్‌లో కంప్యూటర్ సెంటర్ ఇంటర్నెట్ సరఫరాదారుని మార్చితే ఐపీ చిరునామాలన్నీ మారిపోతాయి. ఆ సంగతి లైబ్రరీకి తెలియకపోతే కట్టిన చందా వారాల తరబడి వృథా అవుతుంది. అమెరికాలో కొన్ని కళాశాలలు రెండు విభాగాలనూ ఒకే అధికారి కింద కలిపాయి. మన దగ్గర నియామక నిబంధనలు, కేడర్లు వేరు కనుక విభాగాలను కలపబోతే సర్వీసు వివాదాలు తప్ప మరేమీ మిగలవు. ఒకే ప్రణాళిక, నెలకోసారి కలిసి కూర్చునే ఒకే కమిటీ ఉంటే సరిపోతుంది.

ప్రణాళికను ఎవరు రాయాలి? కన్సల్టెంట్‌కు అప్పగించవచ్చా?

గ్రంథపాలకులు, కంప్యూటర్ సెంటర్ డైరెక్టరు కలిసి రాయాలి. వారితో పాటు సైన్సు నుంచి ఒకరు, భాషా సామాజిక శాస్త్రాల నుంచి ఒకరు, ఫైనాన్స్ ఆఫీసరు ప్రతినిధి, ఒక పరిశోధక విద్యార్థి, అనుబంధ కళాశాలల తరఫున ఒకరు ఉంటే చాలు. అంతకు మించితే సమావేశాలు జరుగుతాయి గానీ రాత సాగదు. నెట్‌వర్కు సర్వే వంటి సాంకేతిక పనిని బయటివారికి ఇవ్వవచ్చు. దేనికి ముందు డబ్బు పెట్టాలన్న నిర్ణయం మాత్రం బయటివారిది కాకూడదు.

గ్రంథపాలకుల పోస్టు ఖాళీగా ఉండి ఒక ప్రొఫెసరు అదనపు బాధ్యతగా చూస్తున్న చోట డిప్యూటీ లేదా అసిస్టెంట్ లైబ్రేరియన్‌ను సభ్య కార్యదర్శిగా ఉత్తర్వు ద్వారా నియమించాలి. అదనపు బాధ్యతలు చేతులు మారుతూ ఉంటాయి, రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఉపకులపతుల పదవీకాలం మూడేళ్లే. ఐదేళ్ల పత్రం నిలవాలంటే దాన్ని ఎరిగిన మనిషి ఒకరు అక్కడే ఉండాలి, పాలకమండలి తీర్మానమూ ఉండాలి.

మొదట ఏ సమాచారం సేకరించాలి?

ప్రశ్నావళి తయారు చేయకముందే చేతిలో ఉన్న లెక్కలు తీయాలి: గత మూడేళ్లలో విభాగాల వారీగా ఇచ్చిన పుస్తకాలు, ఈ-వనరుల వాడకంపై ప్రచురణకర్తలు ‘కౌంటర్’ అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం పంపే నివేదికలు, చందా లేక తెరుచుకోని వ్యాసాల సంఖ్య, వైఫై మీద ఒత్తిడి ఎక్కువగా ఉండే గంటలు, విద్యుత్తు అంతరాయాలు, ఫిర్యాదుల పుస్తకం. ఇవి చదివాక కౌంటరు దగ్గర కొన్ని రోజులు కూర్చుని, వచ్చినవారు ఏం అడిగారో, ఏం దొరకక వెళ్లారో రాసుకోవాలి.

ఆ తర్వాతే సర్వే. “సేవలు సంతృప్తికరంగా ఉన్నాయా” అని అడిగితే అందరూ అవుననే గీత మీద టిక్కు పెడతారు. “ఈ మధ్య మీకు కావలసిన పుస్తకమో వ్యాసమో దొరకనప్పుడు ఏం చేశారు” అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. లైబ్రరీకి రానివారిని అడగడం మరీ ముఖ్యం; తరగతి గదులకు, హాస్టళ్లకు వెళ్లి అడగాలి.

ఐదేళ్లకు ప్రణాళిక రాస్తే ఈలోగా టెక్నాలజీ మారిపోదా?

మారుతుంది, అందుకే అన్నిటికీ ఒకే కాలపరిమితి పెట్టకూడదు. భవనాల మధ్య వేసిన ఫైబరు పదిహేనేళ్లయినా పనికొస్తుంది, డెస్క్‌టాప్ కంప్యూటర్లు ఐదేళ్లకు మించి లాగడం కష్టం, సాఫ్ట్‌వేర్ ఒప్పందం మూడేళ్లు చాలు. కేటలాగు రికార్డుల ఆయుష్షు వీటన్నిటికంటే ఎక్కువ. 1918లో ఉస్మానియా, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. ఆ తొలినాళ్లలో చేరిన పుస్తకం కోసం నేటి విద్యార్థి వెతుకుతున్నాడంటే అప్పుడు రాసిన వివరమే దారి చూపాలి. మొదటి ఏడాదికి వివరమైన పనుల జాబితా, మిగిలిన నాలుగేళ్లకు దిశ, ఏటా సవరణ అనే పద్ధతి ఆచరణలో పెట్టదగింది.

## నిధులు, కొనుగోళ్లు

ఒకేసారి పెద్ద గ్రాంటు వచ్చింది. దాంతో ఏం కొనాలి, ఏం కొనకూడదు?

ఉన్నత విద్యకు కేంద్రం తెచ్చిన రూసా, ఆ తర్వాత పీఎం-ఉష వంటి పథకాల డబ్బు ఒకసారి వచ్చి ఆగిపోతుంది. కాబట్టి ఒకసారి చేస్తే చాలాకాలం నిలిచే పనులకే అది తగినది: భవనంలో కేబులింగ్, ర్యాకులు, పాత పుస్తకాల వివరాల నమోదు, అరుదైన పుస్తకాల స్కానింగ్, కారుతున్న కప్పు మరమ్మతు, చక్రాల కుర్చీ వెళ్లే ర్యాంపు. ఏటా కట్టవలసిన చందాలను, క్లౌడు అద్దెలను, తాత్కాలిక సిబ్బంది జీతాలను ఈ డబ్బుతో మొదలుపెడితే గ్రాంటు ముగిసిన ఏడాదే అవి ఆగిపోతాయి.

కొనుగోలు ప్రతిపాదనలో ప్రతి వస్తువు పక్కన “ఏటా అయ్యే ఖర్చు” అనే గడి తప్పనిసరిగా ఉండాలని, ఆ గడి నింపి ఫైనాన్స్ ఆఫీసరు సంతకం చేశాకే ఇండెంటు (కొనుగోలు కోరే పత్రం) కదలాలని మా గట్టి అభిప్రాయం. ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం), లైసెన్సు పునరుద్ధరణ, మూడు నాలుగేళ్లకు మార్చవలసిన యూపీఎస్ బ్యాటరీలు, ఏసీ కరెంటు బిల్లు, నడిపే మనిషి జీతం అన్నీ అందులోకి వస్తాయి. ఎన్నో క్యాంపస్‌లలో డిజిటల్ లైబ్రరీ గదులు తాళాలతో ఉండటానికి కారణం కొనడానికి డబ్బు లేకపోవడం కాదు. కొన్నదాన్ని నడపడానికి ఎవరూ డబ్బు కేటాయించకపోవడమే.

వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చాక జర్నళ్లకు విడిగా బడ్జెట్ అవసరమా?

అవసరమే, కాకపోతే దాని రూపం మారుతుంది. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదించిన ఈ పథకానికి 2025, 2026, 2027 సంవత్సరాలకు కలిపి రూ. 6,000 కోట్లు కేటాయించారు. 30 ప్రచురణ సంస్థల నుంచి దాదాపు 13,000 ఈ-జర్నళ్లు ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకూ కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలకూ అందుతాయి. అమలు బాధ్యత విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను అనుసంధానించే కేంద్రం, గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్‌ది.

ముందుగా మీ చందాల జాబితాను పథకం జాబితాతో పోల్చి రెండుసార్లు చెల్లిస్తున్నవాటిని ఆపేయండి. మిగిలిన డబ్బును పాఠ్యగ్రంథాలకు, ఈ-బుక్స్‌కు, పథకంలో లేని డేటాబేసులకు, తెలుగు పత్రికలకు మళ్లించండి. బడ్జెట్‌లో ఆ పద్దును సున్నా చేయడానికి మాత్రం ఒప్పుకోవద్దు. మూసిన పద్దును తిరిగి తెరిపించడం ఎంత కష్టమో ఫైనాన్స్ కమిటీలో కూర్చున్నవారికి తెలుసు, పైగా ప్రస్తుత కేటాయింపు 2027 వరకే ఉంది.

టెండరులో తక్కువ ధర చెప్పినవారికే ఇవ్వాల్సి వస్తోంది. నాణ్యతను ఎలా కాపాడాలి?

ధర కవరు తెరవకముందే నాణ్యత తేలిపోయేలా సాంకేతిక షరతులు రాయాలి. గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ అయితే మీ పుస్తకాల్లోంచే తెలుగు, ఉర్దూ, సంస్కృత శీర్షికలు కలిపి వంద రికార్డులు ఇచ్చి వాటిని ఎక్కించి, వెతికి చూపించమనాలి. చూపలేనివారు అక్కడే ఆగిపోతారు. ఒప్పందం ముగిసినప్పుడు మొత్తం సమాచారాన్ని మార్క్ 21 అనే ప్రామాణిక కేటలాగు రికార్డు రూపంలో అదనపు రుసుము లేకుండా అప్పగించాలని, అడ్మిన్ పాస్‌వర్డులు విశ్వవిద్యాలయం అధీనంలోనే ఉండాలని, లోపం తెలిపాక ఎన్ని గంటల్లో స్పందించాలో, స్పందించకపోతే ఎంత కోత పడుతుందో టెండరు పత్రంలోనే ఉండాలి. కేంద్ర సంస్థలకు జీఎఫ్‌ఆర్ 2017 (కేంద్ర సాధారణ ఆర్థిక నియమాలు), ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్ నియమాలు వర్తిస్తాయి. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు తమ రాష్ట్ర కొనుగోలు నియమాలను అనుసరించాలి.

స్టాక్ వెరిఫికేషన్‌లో పుస్తకాలు తగ్గితే మా జీతంలోంచి కోస్తారనే భయంతో అల్మారాలకు తాళాలు వేస్తున్నాం. దీనికి పరిష్కారం లేదా?

ఉంది, అది నియమాల్లోనే ఉంది. జీఎఫ్‌ఆర్ 2017 లోని 215వ నియమం ప్రకారం ఏడాదిలో పాఠకులకు ఇచ్చిన లేదా వారు సంప్రదించిన ప్రతి వెయ్యి సంపుటాలకు ఐదు పోవడాన్ని సహజ నష్టంగా పరిగణించవచ్చు. సిబ్బంది నిజాయితీ లోపమో నిర్లక్ష్యమో కారణం కాకూడదన్నదే షరతు. రూ. 1,000 దాటిన పుస్తకమో అరుదైన పుస్తకమో పోతే మాత్రం విచారణ తప్పదు. 20,000 సంపుటాల లోపు ఉంటే ఏటా పూర్తి తనిఖీ, 50,000 వరకు మూడేళ్లకోసారి పూర్తి తనిఖీ, అంతకు మించితే మూడేళ్లకు మించని వ్యవధిలో నమూనా తనిఖీ చాలని కూడా అదే నియమం చెబుతోంది.

ఇది కేంద్ర నియమం. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు ఇదే పద్ధతిని తమ పాలకమండలి తీర్మానంతో స్వీకరించవచ్చు, ఆడిట్ అభ్యంతరం వచ్చినప్పుడు ఆ తీర్మానమే సిబ్బందికి రక్షణ. ప్రణాళికలో మొదటి ఏడాది పనుల్లో దీన్ని చేర్చమని ప్రత్యేకంగా కోరుతున్నాం. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయ బాధ్యత చేపట్టిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన ఐదు సూత్రాల్లో మొదటిది, పుస్తకాలున్నది వాడుకోవడానికే అని. శిక్ష భయం ఉన్నంతకాలం ఏ గ్రంథపాలకుడూ ఆ సూత్రాన్ని అమలు చేయలేడు.

## కేటలాగు, సాఫ్ట్‌వేర్

కోహా పెట్టాలా, సోల్ పెట్టాలా?

రెండూ విశ్వవిద్యాలయ స్థాయికి సరిపోయే గ్రంథాలయ నిర్వహణ సాఫ్ట్‌వేర్లే. కోహా న్యూజిలాండ్‌లోని ఒక ప్రాంతీయ గ్రంథాలయం కోసం తయారై 2000లో వాడకంలోకి వచ్చింది. ఎవరైనా ఉచితంగా తీసుకుని మార్చుకోవచ్చు. సోల్‌ను ఇన్‌ఫ్లిబ్‌నెట్ తయారుచేసి శిక్షణ, సహాయం అందిస్తోంది, 3.0 కూర్పు 2021లో వచ్చింది. ఉచితమంటే ఖర్చు లేదని కాదు. కోహాకు సర్వరు, లినక్స్ తెలిసిన మనిషి లేదా నిర్వహణ ఒప్పందం కావాలి.

కాబట్టి నిర్ణయించే ప్రశ్న సాఫ్ట్‌వేర్ గురించి కాక మనుషుల గురించి వేసుకోవాలి: పరీక్షల రోజుల్లో సర్క్యులేషన్ (పుస్తకాలు ఇచ్చి తీసుకునే పని) ఆగిపోతే ఎవరు వచ్చి సరిచేస్తారు? ఆ పేరు చెప్పగలిగితే కోహా మంచి ఎంపిక. చెప్పలేకపోతే సోల్ వైపు మొగ్గడమే క్షేమం. ఏది పెట్టినా ఏడాదికోసారి రికార్డులన్నీ మార్క్ 21 రూపంలో బయటికి తీసి, అవి వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకుంటున్నాయో లేదో చూడాలి.

యాక్సెషన్ రిజిస్టర్లలో (చేరిన పుస్తకాలను వరుసగా రాసే పుస్తకాల్లో) ఉన్న లక్షల పుస్తకాలను కంప్యూటర్లోకి ఎక్కించే పని ఎక్కడ మొదలుపెట్టాలి?

రిజిస్టరుతో కాకుండా అల్మారాలోని పుస్తకంతో మొదలుపెట్టాలి. రిజిస్టరు చూసి ఎక్కిస్తే ఎప్పుడో పోయిన పుస్తకాలూ కేటలాగులో కనిపించి చదువరులను తిప్పుతాయి. గత పదేళ్లలో కౌంటరు దాటిన పుస్తకాలను ముందు ఎక్కించి, రిఫరెన్స్ విభాగం, ఆ తర్వాత మిగిలిన అరలు అనే వరుస మంచిది. ఇంగ్లిషు పుస్తకాలకు జడ్39.50 అనే రికార్డుల మార్పిడి పద్ధతి ద్వారా పెద్ద గ్రంథాలయాల నుంచి, ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి ఉమ్మడి కేటలాగు ఇండ్‌క్యాట్ నుంచి రికార్డులు తెచ్చుకోవచ్చు.

రికార్డుకు ఇంత అని పని బయటికి ఇచ్చేటప్పుడు ప్రతి ఇరవైలో ఒకటి మన సిబ్బంది పుస్తకం పక్కన పెట్టుకుని సరిచూడాలి. తప్పులు హద్దు దాటితే ఆ విడత మొత్తం వెనక్కి పంపే షరతు ఒప్పందంలో ఉండాలి.

తెలుగు పుస్తకాల వివరాలు తెలుగు లిపిలో నమోదు చేయాలా, రోమన్‌లోనా?

తెలుగు లిపిలో, యూనికోడ్‌లో (ఏ కంప్యూటరైనా ఒకేలా చదివే అక్షర సంకేత పద్ధతిలో), తప్పనిసరిగా చేయాలి. రోమన్‌లో మాత్రమే ఎక్కిస్తే “విశ్వనాథ” అనే పేరును ఒకరు ఒక రకంగా, ఇంకొకరు మరో రకంగా రాస్తారు. వెతికేవారికి అందులో సగమే దొరుకుతాయి. వీలైతే రెండూ ఉంచాలి. మార్క్ 21లో ఒకే వివరాన్ని రెండు లిపుల్లో ఉంచడానికి 880 అనే క్షేత్రం ఉంది. 1962 నుంచి అమెరికా ప్రభుత్వ పీఎల్-480 పుస్తకాల కొనుగోలు కార్యక్రమం ద్వారా తెలుగు పుస్తకాలు అమెరికా గ్రంథాలయాలకు చేరాయి. అక్కడి కేటలాగులు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ లిప్యంతరీకరణను వాడతాయి కనుక, విదేశాల్లోని పరిశోధకులకు మన పుస్తకం కనిపించాలంటే అదే పద్ధతి పాటించడం మేలు.

ఇక ఇంటిపేర్ల సంగతి. తెలుగు పేరులో ఇంటిపేరు ముందే ఉంటుంది. పాశ్చాత్య అలవాటు ప్రకారం చివరి మాటను ముందుకు తెచ్చి “అప్పారావు, గురజాడ” అని నమోదు చేసిన రికార్డులు మన కేటలాగుల్లో ఇప్పటికీ ఉన్నాయి. “గురజాడ అప్పారావు” అని ఉన్నది ఉన్నట్టు ఒకే రూపాన్ని ప్రామాణికంగా నిర్ణయించి, కలం పేర్లను, ఇతర రూపాలను దానికి జతచేసే ప్రామాణిక నామాల జాబితా తెలుగు శాఖ సాయంతో తయారుచేయాలి.

వెతుకులాటలో మరికొన్ని చిక్కులున్నాయి. పాత శీర్షికల్లో “భారతము”, కొత్తవాటిలో “భారతం”. కొన్నిటిలో అరసున్న, బండి ఱ. “సాఫ్ట్‌వేర్” వంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనిపించని అక్షరం ఒకటి చేరుతుంది, అది ఉన్న మాటతో లేని మాట యంత్రానికి సరిపోలదు. కోహాలో వెతుకులాటకు జీబ్రా ఇండెక్సింగ్ వాడేవారు దాన్ని యూనికోడ్ లిపులకు తగిన ‘ఐసీయూ’ పద్ధతికి మార్చాలి. పాత రూపాన్ని శీర్షికలో అలాగే ఉంచి, వాడుక రూపాన్ని అదనపు శీర్షికగా చేర్చాలి. పాత ఫాంట్లలో టైపు చేసిన రికార్డులుంటే వాటిని యూనికోడ్‌లోకి మార్చాక మనిషి కంటితో చదివి సరిదిద్దాలి. ఇది నెమ్మదిగా సాగే పని. తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు ఒకరు చేసిన రికార్డును ఇంకొకరికి ఇచ్చుకుంటే ఈ శ్రమ ఎంతో తగ్గుతుంది.

ఆర్‌ఎఫ్‌ఐడీ (రేడియో తరంగాలతో పుస్తకాన్ని గుర్తించే ట్యాగు) తప్పనిసరా?

కాదు. రోజుకు కొన్ని వందల పుస్తకాలు చేతులు మారే చోట బార్‌కోడ్ బాగానే పనిచేస్తుంది. స్టాక్ తనిఖీ త్వరగా ముగియడం, కౌంటరు సాయం లేకుండా పుస్తకం తీసుకోగలగడం ఆర్‌ఎఫ్‌ఐడీ ప్రయోజనాలు. కేటలాగు పూర్తికాకుండానే ట్యాగులు అంటించడం మాత్రం డబ్బు వృథా.

## నెట్‌వర్కు, లాగిన్

నెట్ స్పీడు పెంచితే సమస్య తీరుతుందా?

చాలాసార్లు తీరదు. 2010లో కేంద్రం ఆమోదించిన నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్కు ద్వారా అనేక విశ్వవిద్యాలయాలకు సెకనుకు ఒక గిగాబిట్ లైను వచ్చింది. అయినా రీడింగ్ రూములో పేజీ తెరుచుకోకపోవడానికి కారణం లోపలే ఉంటుంది: పాత స్విచ్చి, ఒకే యాక్సెస్ పాయింటుపై వందమంది విద్యార్థులు, ఎండలో పాడైన కేబులు, కరెంటు పోగానే ఆరిపోయే ర్యాకు. సర్వర్ రూములో కాకుండా చదువరి కూర్చునే బల్ల దగ్గర, రద్దీ గంటల్లో వేగం కొలిచి ప్రణాళికలో రాయాలి. హాస్టళ్లకు ప్రాధాన్యం ఇవ్వాలి, విద్యార్థులు రాత్రిపూట చదువుకునేది అక్కడే.

ఇంటి నుంచి, బయటి ఊళ్ల నుంచి జర్నళ్లు చదవడానికి ఏర్పాటు ఏమిటి?

క్యాంపస్ ఐపీ చిరునామాతో మాత్రమే తెరుచుకునే పద్ధతిలో పార్ట్‌టైమ్ పరిశోధకులు, క్షేత్ర పర్యటనలో ఉన్నవారు నష్టపోతారు. విశ్వవిద్యాలయ లాగిన్‌తోనే ప్రచురణకర్తల సైట్లు తెరుచుకునే ఏర్పాటును ఇన్‌ఫ్లిబ్‌నెట్ ఇన్‌ఫెడ్ పేరుతో నడుపుతోంది. అందులో చేరే ముందు మీ దగ్గర సభ్యుల పట్టిక సరిగా ఉండాలి. ఇతర క్యాంపస్‌లకు వెళ్లినప్పుడు మన లాగిన్‌తోనే వైఫై వాడుకునే ఎడ్యురోమ్ సదుపాయం దేశంలో ఎర్‌నెట్ ద్వారా దొరుకుతుంది. ఒకే పాస్‌వర్డును విభాగమంతా పంచుకునే అలవాటును మొదట్లోనే ఆపాలి. దుర్వినియోగం జరిగితే ప్రచురణకర్త మొత్తం క్యాంపస్‌కు ప్రవేశం నిలిపివేయవచ్చు.

లాగిన్ ఎవరికి, ఎప్పుడు ఇవ్వాలి? ఎప్పుడు తీసేయాలి?

ప్రవేశాల విభాగంలో విద్యార్థి పేరు నమోదైన రోజే లైబ్రరీ సభ్యత్వం, వైఫై, ఈమెయిల్, ఈ-వనరులు అన్నిటికీ కలిపి ఒకే లాగిన్ ఏర్పడాలి. ఉద్యోగులకైతే ఎస్టాబ్లిష్‌మెంట్ విభాగం నుంచి. లైబ్రరీ ఒక పట్టిక, కంప్యూటర్ సెంటర్ మరో పట్టిక పెట్టుకుంటే చదువు ముగించి వెళ్లినవారి ఖాతాలు ఏళ్ల తరబడి తెరిచే ఉంటాయి. నో డ్యూ సర్టిఫికెట్ ఇచ్చిన తేదీని ఖాతా ముగింపుకు ముడిపెట్టాలి. పీహెచ్‌డీ సమర్పించి వైవా కోసం ఎదురుచూస్తున్నవారికి మాత్రం గడువు పొడిగించాలి, సవరణలు చేసుకోవలసిన కాలం అదే.

## సిద్ధాంత గ్రంథాలు, డిజిటల్ సంపద

థీసిస్‌లు శోధ్‌గంగలో పెడుతున్నాం కదా, మాకు సొంత రిపాజిటరీ (డిజిటల్ భాండాగారం) ఎందుకు?

ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే జాతీయ థీసిస్ భాండాగారమైన శోధ్‌గంగ ప్రధానంగా పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల కోసం. ఎం.ఫిల్. లఘు గ్రంథాలు, విశ్వవిద్యాలయ ప్రచురణలు, స్నాతకోత్సవ ప్రసంగాలు, పాత ప్రశ్నపత్రాలు, స్కాన్ చేసిన అరుదైన పుస్తకాలు వీటన్నిటికీ చోటు మనమే చూపాలి. ఎంఐటీ, హ్యూలెట్ ప్యాకర్డ్ కలిసి 2002లో విడుదల చేసిన డీస్పేస్ సాఫ్ట్‌వేర్ ఈ పనికి ఉచితంగా దొరుకుతుంది.

ఒక్కచోటే దాస్తే ఏమవుతుందో తెలుగు పాఠకులు స్వయంగా చూశారు. కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి చొరవతో సాగిన పది లక్షల పుస్తకాల ప్రాజెక్టులో భాగంగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేల తెలుగు పుస్తకాలను స్కాన్ చేసింది. కొన్నేళ్లకు ఆ సైటు మూతపడింది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ప్రతులు చేరి ఉండబట్టే ఆ పుస్తకాలు నేటికీ చదవగలుగుతున్నాం. ప్రతి స్కానుకూ కనీసం ఒక ప్రతి మరో సంస్థలో, మరో ఊళ్లో ఉండాలని ప్రణాళికలో రాయాలి.

కాపీని పట్టే సాఫ్ట్‌వేర్‌లో తెలుగు థీసిస్‌కు సారూప్యత సున్నా శాతం వచ్చింది. ఆమోదించవచ్చా?

వెంటనే ఆమోదించకూడదు. పాత ఫాంట్లలో టైపు చేసిన పీడీఎఫ్ తెరమీద తెలుగులా కనిపించినా లోపల అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలే ఉంటాయి. ముద్రణను స్కాన్ చేసిన పీడీఎఫ్‌లో అసలు అక్షరాలే ఉండవు. రెండింటిలోనూ సాఫ్ట్‌వేర్ పోల్చడానికి ఏమీ లేక సున్నా చూపుతుంది. ఒక పేజీని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికిస్తే నిజం తెలుస్తుంది.

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం వరకు సారూప్యతకు శిక్ష లేదు. 10 నుంచి 40, 40 నుంచి 60, 60 పైన అనే మూడు అంచెలకు వేర్వేరు చర్యలున్నాయి. ఇవి తెలుగు పరిశోధనకూ న్యాయంగా వర్తించాలంటే థీసిస్ యూనికోడ్‌లోనే సమర్పించాలనే నిబంధన రావాలి. పాత తెలుగు పుస్తకాలు చాలావరకు అక్షర రూపంలో ఆన్‌లైన్‌లో లేవు కనుక పర్యవేక్షకుల చదువుకు ఏ యంత్రమూ ప్రత్యామ్నాయం కాదు.

పాత పుస్తకాలు స్కాన్ చేసి అందరికీ ఆన్‌లైన్‌లో పెట్టవచ్చా?

మన చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు కాపీహక్కు ఉంటుంది. 1915లో మరణించిన గురజాడ రచనలు అందరివీ అయ్యాయి. 1983లో మరణించిన శ్రీశ్రీ రచనలపై హక్కు 2043 చివరి వరకు ఉంటుంది. తర్వాతివారు రాసిన పీఠికలకు, వ్యాఖ్యానాలకు వేరే లెక్క. హక్కు ముగియని పుస్తకాన్ని బహిరంగంగా పెట్టకూడదు గానీ, తన దగ్గర ముద్రిత ప్రతి ఉన్న లాభాపేక్షలేని ప్రజా గ్రంథాలయం పరిరక్షణ కోసం డిజిటల్ ప్రతి దాచుకోవడానికి 52వ సెక్షన్ అనుమతిస్తుంది. పెళుసుబారిన కాగితాన్ని విప్పి మళ్లీ మళ్లీ స్కాన్ చేయలేం. మొదటిసారే మంచి నాణ్యతతో తీసి, కుదించని మూల చిత్రాన్ని విడిగా భద్రపరచాలి.

చూపులేని విద్యార్థుల కోసం కనీసం ఏం చేయాలి?

తెరమీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాఫ్ట్‌వేర్ పేజీ బొమ్మను చదవలేదు, కాబట్టి పాఠ్యగ్రంథాలకు సరిదిద్దిన అక్షరపాఠం కావాలి. వికలాంగుల కోసం అందుబాటు రూపంలోకి పుస్తకాన్ని మార్చడానికి 2012 సవరణ తర్వాత కాపీహక్కు చట్టంలో మినహాయింపు ఉంది. చూపులేనివారికి పుస్తకాలు అందేలా చేసే అంతర్జాతీయ మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ధ్రువీకరించింది భారతదేశమే. ఉచితంగా దొరికే స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏను అన్ని కంప్యూటర్లలో ఉంచాలి, అందుబాటు రూపంలో పుస్తకాలుండే ఆన్‌లైన్ గ్రంథాలయం సుగమ్య పుస్తకాలయలో సభ్యత్వం ఇప్పించాలి, సెమిస్టరు మొదలుకాకముందే వారికి కావలసిన పుస్తకాల జాబితా అడిగి తీసుకోవాలి. పుస్తకం పరీక్షల ముందు అందితే అందనట్టే.

## భద్రత, గోప్యత

మా లాంటి యూనివర్సిటీ లైబ్రరీపై సైబర్ దాడి ఎవరు చేస్తారు?

2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీపై రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే) దాడి జరిగి ఆన్‌లైన్ సేవలు కుప్పకూలాయి. ప్రధాన కేటలాగు, అదీ వెతకడానికి మాత్రమే, 2024 జనవరిలో తిరిగి వచ్చింది. తిరిగి నిలదొక్కుకోవడం ఆలస్యం కావడానికి పాతబడిన వ్యవస్థలు పెద్ద కారణమని ఆ సంస్థే తన నివేదికలో రాసుకుంది. తాళం వేయని ఏ తలుపైనా దాడి చేసేవారికి చాలు.

సమాచారానికి మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాల్లో, వాటిలో ఒకటి క్యాంపస్ బయట, నెట్‌వర్కుతో సంబంధం లేకుండా ఉండాలి. ఆరు నెలలకోసారి ఆ బ్యాకప్ నుంచి కేటలాగును ఖాళీ కంప్యూటరులో తిరిగి నిలిపి చూడాలి. తిరిగి నిలపని బ్యాకప్‌ను నమ్మకూడదు. దాడి జరిగినట్టు గమనించిన ఆరు గంటల్లో తనకు తెలియజేయాలని, లాగ్‌లను (వ్యవస్థల్లో జరిగినదాని నమోదులను) 180 రోజులు భద్రపరచాలని 2022 ఏప్రిల్‌లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించింది. ఆ సమాచారం ఎవరు పంపాలో ముందే నిర్ణయించి ఉంచాలి.

ఏ విద్యార్థి ఏ పుస్తకం తీసుకున్నాడో ఎవరైనా అడిగితే ఇవ్వాలా?

మౌఖికంగా అడిగితే, అడిగినవారు ఎంతటి అధికారి అయినా, ఇవ్వకూడదు. చట్టబద్ధమైన లిఖిత ఆదేశం ఉంటేనే, రిజిస్ట్రారు ద్వారా మాత్రమే ఇవ్వాలని విధాన పత్రంలో రాయాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం దృష్ట్యా కూడా అవసరానికి మించిన వివరాలు దాచకపోవడం మంచిది. పుస్తకం వాపసు వచ్చాక పేరును తొలగించి లెక్కను మాత్రమే ఉంచే సదుపాయం కోహాలో ఉంది. తను చదివేది ఎవరో గమనిస్తున్నారని అనుమానించిన విద్యార్థి స్వేచ్ఛగా చదవలేడు.

## నడిపేటప్పుడు

ఖాళీలు భర్తీ కావడం లేదు. అవుట్‌సోర్సింగ్ సిబ్బందితో నెట్టుకురావచ్చా?

కౌంటరు, అరల సర్దుబాటు, డేటా నమోదు వరకు నెట్టుకురావచ్చు. పుస్తకాల ఎంపిక, కేటలాగు ప్రమాణాలు, సర్వరు అడ్మిన్ బాధ్యత శాశ్వత ఉద్యోగుల చేతిలోనే ఉండాలి. ఒక తాత్కాలిక ఉద్యోగి వెళ్లిపోగానే రిపాజిటరీ పాస్‌వర్డు కూడా పోయే పరిస్థితి రాకూడదు. ప్రతి వ్యవస్థకు ఇద్దరు తెలిసినవారు, తెలుగులో రాసి ఉంచిన నిర్వహణ సూచనలు, ఏటా కనీసం ఒక శిక్షణ అనే మూడింటికీ బడ్జెట్ కేటాయించాలి.

ఏఐ చాట్‌బాట్లు వచ్చాక విద్యార్థులు లైబ్రరీకి వస్తారా?

వారికి లైబ్రరీ అవసరం ఇంకా పెరిగింది. చాట్‌బాట్లు లేని వ్యాసాలను ఉన్నట్టు ఉటంకిస్తాయి. ఆ ఉటంకింపు నిజమో కాదో తేల్చడం నేర్పవలసింది గ్రంథపాలకులే. పరిశోధక విద్యార్థుల కోర్సువర్కులో దీనికి కొన్ని గంటలు కేటాయించమని అకడమిక్ సెనేట్‌ను కోరాలి.

ప్రణాళిక పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది?

ఉన్నత విద్యాసంస్థలను మదింపు చేసే న్యాక్‌కు గ్రంథాలయం, ఐటీ సదుపాయాల వివరాలు ఎలాగూ ఇవ్వాలి, కానీ అవి ఎక్కువగా మన దగ్గర ఏముందో చెప్పే లెక్కలు. చదువరికి ఏం అందిందో చెప్పే లెక్కలు వేరే పెట్టుకోవాలి: ఇండెంటు ఇచ్చిన రోజు నుంచి పుస్తకం అరలోకి చేరడానికి పట్టిన రోజులు, వెతికి దొరకని పుస్తకాల సంఖ్య, ఫిర్యాదు తీరడానికి పట్టిన సమయం, ఏడాదిలో ఒక్కసారి కూడా లైబ్రరీని వాడని విద్యార్థుల శాతం. చివరి లెక్క విభాగాల వారీగా తీస్తే ఎక్కడికి వెళ్లి మాట్లాడాలో తెలుస్తుంది.

సమీక్ష ఏ నెలలో పెట్టుకోవాలి?

సెప్టెంబరులో. చందాల సంవత్సరం జనవరిలో, ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతాయి. సెప్టెంబరులో వాడకం లెక్కలు చూస్తే ఏ డేటాబేసు ఉంచాలో, ఏది మానాలో అక్టోబరులో నిర్ణయించి ప్రచురణకర్తలతో ధర మాట్లాడటానికి సమయం ఉంటుంది, బడ్జెట్ ప్రతిపాదనల్లోకీ ఆ అంకెలు చేరతాయి. మార్చిలో సమీక్ష పెడితే మిగిలిన నిధులు ఖర్చుచేయాలన్న తొందరలో ఏది అమ్మకానికి సిద్ధంగా ఉంటే అదే కొనవలసి వస్తుంది.